కుటుంబ వేదిక: నల్లకోటు వేసుకొనే బిడ్డను దీవించవచ్చునా?



ఈ నెల ఒక తల్లి రాసిన ఉత్తరము మా ముందున్నది. ఊరు, పేరు ప్రకటించవద్దని కోరారు. ఆమె భర్త ఒక మిషను హాస్టలులో 26 సంవత్సరాలు వంట చేశారు. పని విరమించిన రోజున శాలువా కప్పి, దండ వేసి, ప్రార్థన చేసి పంపారు. గ్రాట్యుటీ మాట ఎవరూ ఎత్తలేదు. డిగ్రీ పూర్తి చేసిన కుమారుడు ఇప్పుడు, "లా చదివి లేబరు కోర్టు వకీలునవుతాను" అంటున్నాడట. "అయ్యగారూ, వీడు రేపు సంఘము మీదనే కేసు వేస్తాడేమో! ఇటువంటి వృత్తి విశ్వాసికి తగునా?" అన్నది ఆమె ప్రశ్న.

అమ్మా, ముందు ఆ వృత్తి ఎటువంటిదో చూద్దాము.

డిగ్రీ అయినవారికి లా చదువు మూడేండ్లు, ఇంటరు తరువాత చేరేవారికి ఐదేండ్లు. మన రెండు తెలుగు రాష్ట్రాలలోనూ లాసెట్ అనే ప్రవేశ పరీక్ష ఉన్నది. పట్టా చేతికి వచ్చాక రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకోవాలి, అఖిల భారత బార్ పరీక్ష ఉత్తీర్ణుడు కావాలి. అక్కడితో చదువు ముగిసిందనుకోవద్దు. ఒక సీనియరు దగ్గర జూనియరుగా చేరి కొన్నేండ్లు ఫైళ్ళు మోయాలి. ఆ రోజులలో రాబడి తక్కువ, ఓర్పు ఎక్కువ కావాలి.

ఉద్యోగ వివాదాల వకీలుకు ఇంకొక బడి కూడా ఉన్నది. అది పని జరిగే చోటు. ఈ రంగములో పేరు తెచ్చుకున్నవారిలో కొందరు యూనియన్ ఆఫీసులో అర్జీలు రాసి నేర్చుకున్నవారు. కొందరు కంపెనీలలో సిబ్బంది వ్యవహారాలు చూసి వచ్చినవారు. హాజరు పట్టీ ఎలా రాస్తారో, మెమో ఎప్పుడిస్తారో, సంస్థ జరిపే విచారణలో కార్మికుని మాట ఎక్కడ దాటవేస్తారో వారికి తెలుసు. 240 రోజులు పనిచేశానని కూలివాడు చెబితే చాలదు, కాగితము చూపించాలి. ఆ కాగితము చాలాసార్లు యజమాని బీరువాలోనే ఉంటుంది. దానిని కోర్టు ముందుకు రప్పించడమే ఈ వకీలు పనిలో సగము.

ఒక విశేషము వినండి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టము, ఎదుటి పక్షము ఒప్పుకొని, కోర్టు అనుమతి ఇస్తేనే లేబరు కోర్టులో వకీలు నిలబడవచ్చునని నియమము పెట్టింది. డబ్బున్న యజమాని పెద్ద వకీళ్ళను తెచ్చి పేదవానిని నోరెత్తనీయడేమోనని ఆ జాగ్రత్త. కాబట్టి వకీలు తెలివి ఎవరి పక్షమున నిలుస్తున్నదన్నది మొదటినుండీ ఉన్న ప్రశ్నే.

ఇక సంఘము సంగతి. ఇది మనకు కొంచెము నొప్పి కలిగించే మాట. 1987లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రి ఉద్యోగుల కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సంస్థలను నడుపుకొనే హక్కు అల్పసంఖ్యాకులకు రాజ్యాంగము ఇచ్చినా, కార్మిక వివాదాల చట్టము వారికీ వర్తిస్తుందన్నది. 2025 నవంబరు 21 నుండి ఆ పాత చట్టము స్థానములో కొత్త కోడ్ వచ్చింది. అందులో ధర్మకార్యాలు చేసే సంస్థలను 'పరిశ్రమ' అనే మాటనుండి మినహాయించారు. "ఇక మనకు బాధ లేదు" అని ఏ కమిటీ అయినా ఊరట చెందుతుందేమో! అయితే జీతము, గ్రాట్యుటీ వేరే కోడ్‌ల క్రింద ఉన్నవి. పది మంది లేక అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట ఐదేండ్లు నిండినవారికి గ్రాట్యుటీ హక్కు ఉన్నది.

లెక్క కష్టము కాదు. చివరి నెల జీతమును 26తో భాగించి, 15తోను, పనిచేసిన సంవత్సరాలతోను హెచ్చించాలి. వంట చేసిన ఆ సహోదరుని చివరి జీతము 7,800 రూపాయలనుకోండి. రోజుకు 300, పదిహేను రోజులకు 4,500, ఇరవై ఆరేండ్లకు 1,17,000 రూపాయలు. శాలువా ఖరీదు ఎంత, ఈ మొత్తము ఎంత?

లాబాను మాటిమాటికీ యాకోబు జీతము మార్చినప్పుడు దేవుడు చూస్తూనే ఉన్నాడు (ఆదికాండము 31). కూలివాని కూలి ప్రొద్దు గుంకకముందే ఇవ్వాలని మోషే ఆజ్ఞాపించాడు (ద్వితీయోపదేశకాండము 24:15). బిగబట్టిన కూలి మొర పెడుతుందని, అది ప్రభువు చెవులకు చేరుతుందని యాకోబు పత్రిక హెచ్చరిస్తున్నది (5:4). చట్టములో మినహాయింపు దొరికినా ఈ వాక్యములో మనకు మినహాయింపు లేదు.

"విశ్వాసులు కోర్టుకెక్కరాదు గదా" అని కొందరు 1 కొరింథీయులకు 6వ అధ్యాయము చూపుతారు. నిజమే. కానీ అక్కడ పౌలు నష్టపోయినవాడినే కాదు, సహోదరునికి నష్టము చేసినవారినీ గద్దిస్తున్నాడు. తగవు తీర్చగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడైనా లేడా అని సంఘమును అడుగుతున్నాడు. కాబట్టి ఈ వాక్యము పేదవాని నోరు మూయడానికి కాదు, పెద్దల కన్నులు తెరవడానికి.

అమ్మా, ముందు మీ భర్త, కుమారుడు కలిసి తమ దగ్గరున్న కాగితాలన్నీ తీసుకొని, ఒక అర్జీ రాసి, హాస్టలు కమిటీ పెద్దలను కలవనివ్వండి. గౌరవముగా అడగనివ్వండి. ఆలస్యము చేయవద్దు. వారు వినకపోతే కార్మిక శాఖ అధికారి ఉన్నారు. అది సంఘము మీద పగ కాదు, చేసిన పనికి రావలసినది అడగడమే.

మీ అబ్బాయిని లా చదవనివ్వండి. తీతు పత్రిక చివర పౌలు జేనా అనే ధర్మశాస్త్రవేత్తను పేరు పెట్టి తలచుకున్నాడు. అతనికి ఏమియు తక్కువ కాకుండా చూచి సాగనంపమన్నాడు. ఆలాగే మీరును మీ బిడ్డను ప్రార్థనతో సాగనంపండి. తండ్రి కాలిన చేతులను చూచి పెరిగినవాడు కూలివాని కాగితమును తేలికగా చూడడు.

కమిటీలలో ఉన్న పెద్దలారా, ఈ నెల లెక్కలు చూచేటప్పుడు మన వంటమనిషి, మన వాచ్‌మన్, మన ఆయా పేర్లు ఒకసారి చదవండి. ఆ బిడ్డ వకీలై వచ్చేనాటికి మన మీద వేయడానికి అతనికి కేసు మిగలకుండును గాక. ఆమేన్.