కన్నతల్లి ఎవరు? జన్యువుల సాక్ష్యమూ, న్యాయస్థానపు ఉత్తర్వూ

దేవకీదేవి ఏడవ గర్భాన్ని యోగమాయ రోహిణి గర్భంలోనికి చేర్చిన కథ తెలియని తెలుగు ఇల్లు ఉండదు. నేటి కృత్రిమ గర్భధారణ విధానాలన్నీ పురాణకాలంలోనే ఉన్నాయని చాటడానికి ఈ కథను ఉదహరించడం సభలలో పరిపాటి అయింది. ఆ వాదం ఎలా ఉన్నా, కథలో గమనించదగిన విశేషం వేరొకటి ఉన్నది. ఆ శిశువు రౌహిణేయుడని ప్రసిద్ధుడైనాడు. పురాణకర్త మోసి కన్న తల్లి పక్షాన నిలిచాడన్న మాట. వసుదేవుడు ఇద్దరికీ భర్తే గనుక తండ్రి ఎవరన్న తగవు రాలేదు. వ్రేపల్లెలో జనన ధ్రువపత్రం అడిగేవారూ లేరు.

మస్కట్‌లో అడుగుతారు. రూవీ, దర్సైత్, అల్ ఖువైర్ ప్రాంతాలలోనూ, సొహార్, సలాలా పట్టణాలలోనూ ఉంటున్న తెలుగు కుటుంబాలలో అత్యధికులు భారత పౌరులే. ఎన్నేళ్ళు గడిపినా అక్కడ వారిది నివాసమే గాని పౌరసత్వం కాదు. భారతదేశంలో పుట్టిన బిడ్డను తమతో తీసుకొని పోవాలంటే తల్లిదండ్రుల పేర్లున్న జనన ధ్రువపత్రం కావాలి, దానిపై విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర కావాలి, పాస్‌పోర్టు కావాలి, ఆ పిమ్మట కుటుంబ వీసా. ఈ గొలుసులో మొదటి కొక్కెం జనన ధ్రువపత్రమే. సరోగసీ ద్వారా సంతానం కోరే దంపతులకు చిక్కంతా అక్కడే ఉన్నది.

ఒమన్‌లో ఈ పద్ధతికి తావు లేదు. 1986 అక్టోబరులో అమ్మాన్ నగరంలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీయ ధర్మశాస్త్ర పరిషత్తు కృత్రిమ గర్భధారణ పద్ధతులు ఏడింటిని పరిశీలించి, భార్యాభర్తల బీజాలతో భార్య గర్భంలోనే జరిగే రెండింటిని మాత్రమే అనుమతించింది. అంతకు ముందు, ఒకే పురుషుని భార్యలిద్దరిలో ఒకరి పిండాన్ని మరొకరు మోయవచ్చునని మక్కాలోని ధర్మశాస్త్ర మండలి 1984లో అంగీకరించి, వంశం కలగాపులగం కాగలదన్న శంకతో మరుసటి సంవత్సరమే ఉపసంహరించుకున్నది. అచ్చంగా దేవకీ రోహిణుల సమస్యే! ఈ న్యాయదృష్టిలో కన్న స్త్రీయే తల్లి. ఆ దేశంలో ఉంటున్నవారు ఆ కట్టుబాటును గౌరవించవలసిందే. కాబట్టి తెలుగు దంపతుల ప్రయత్నం స్వదేశంలోనే, స్వదేశ చట్టం ప్రకారమే జరగాలి.

స్వదేశంలోనూ ఈ చట్టం ఆలస్యంగా వచ్చింది. 2008 జూలైలో గుజరాత్‌లోని ఆనంద్ పట్టణంలో మాంజీ అనే పాప పుట్టింది. జపాను దంపతుల కోరికపై ఒక భారతీయ స్త్రీ మోసిన బిడ్డ. అండం మరొక దాతది. ప్రసవానికి ముందే ఆ దంపతులు విడిపోయారు. తల్లి అనదగినవారు ముగ్గురున్నారు, తల్లి గడిలో వ్రాయడానికి ఒక్కరూ మిగలలేదు. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. చివరకు ఒక గుర్తింపు పత్రం పుచ్చుకొని ఆ పసిగుడ్డు నాయనమ్మ చేతులలో జపాను చేరింది. అదే సంవత్సరం జనవరిలో అదే ఊరిలో పుట్టిన జర్మను దంపతుల కవలలు ఏ దేశానికీ చెందక రెండేళ్ళు నిలిచిపోయారు. 2015లో విదేశీయులకు తలుపులు మూశారు. 2021లో చేసిన సరోగసీ నియంత్రణ చట్టం 2022 జనవరి 25 నుండి అమలులోనికి వచ్చింది.

రసాయన శాస్త్ర ప్రయోగశాలలో ఒక నియమం ఉన్నది. విశ్లేషణ ఎంత సున్నితమైనదైనా, సీసాపై చీటీ తప్పయితే ఫలితం తప్పే. నమూనా ఎవరి చేతినుండి ఎవరి చేతికి వచ్చినదో వ్రాతపూర్వకంగా ఉండాలి. 2025 జూలైలో సికింద్రాబాదులో బయటపడిన వ్యవహారం ఈ నియమాన్నే గుర్తు చేస్తుంది. సరోగసీ ద్వారా పుట్టిన మీ బిడ్డ అని చెప్పి ఒక సంతాన సాఫల్య కేంద్రం అప్పగించిన శిశువుకు డి.ఎన్.ఏ. పరీక్ష చేయిస్తే ఆ దంపతులతో సంబంధమే లేదని తేలింది. పరాయి రాష్ట్రపు పేద దంపతుల బిడ్డను డబ్బిచ్చి తెచ్చారని పోలీసుల అభియోగం. వంశాణు పరీక్షలో సుమారు 20 స్థానాలను పోల్చుతారు. ప్రతి స్థానంలోనూ బిడ్డకున్న రెండు రూపాలలో ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది కావాలి. పలుచోట్ల పొసగకపోతే సందేహానికి చోటుండదు.

అయితే ఈ పరీక్షను మాతృత్వానికి తుది తీర్పుగా భావించడం పొరపాటు. 2024 ఫిబ్రవరిలో సవరించిన నిబంధనల ప్రకారం, దంపతులలో ఒకరికి వైద్యపరమైన లోపమున్నట్లు జిల్లా వైద్య మండలి ధ్రువీకరిస్తే దాత బీజాన్ని స్వీకరించవచ్చును. అప్పుడు పుట్టిన బిడ్డ వంశాణువులు భార్యతో సరిపోకపోవచ్చు. అయినా ఆమెయే తల్లి. ఇటు మోసి కన్న స్త్రీకి చట్టంలో తల్లి స్థానం లేదు. విత్తనానిదా, క్షేత్రానిదా పంట అని మనుస్మృతి తర్కించిన ప్రశ్నకు 2021 చట్టం ఇచ్చిన జవాబు ఈ రెండింటిలో ఏదీ కాదు. సంకల్పించినవారిదని చెప్పింది, ఆ సంకల్పాన్ని ముందుగా న్యాయాధికారి ఎదుట నమోదు చేయమన్నది.

ఆ నమోదు విధానం ఇది. దంపతులూ, గర్భాన్ని మోయనున్న స్త్రీ కలిసి మొదటి తరగతి మేజిస్ట్రేటుకు గాని, అంతకు పై న్యాయస్థానానికి గాని దరఖాస్తు చేయాలి. బిడ్డ తల్లిదండ్రులెవరు, సంరక్షణ ఎవరిది అన్న ఉత్తర్వు గర్భధారణకు ముందే రావాలి. బిడ్డ పుట్టిన తరువాత అదే జనన ప్రమాణపత్రంగా చెల్లుతుంది. ఆ బిడ్డకు స్వంత సంతానానికున్న సర్వహక్కులూ ఉంటాయి. భార్య వయస్సు 23 నుండి 50, భర్త వయస్సు 26 నుండి 55 ఏళ్ళ మధ్య ఉండాలి. మోసే స్త్రీ వివాహమై, స్వంత బిడ్డ ఉన్నదై, 25 నుండి 35 ఏళ్ళ లోపుదై ఉండాలి. జీవితంలో ఒక్కమారే మోయాలి. ఆమెకు 36 నెలల బీమా తప్పనిసరి. ఖర్చులు మినహా ధనం ముట్టచెప్పరాదు. ఈ దృష్ట్యా పత్రికలు ఇంకా 'అద్దె గర్భం' అనడం సరికాదు, చట్టమే అద్దెను నేరం చేసింది. విదేశీ పౌరసత్వం పుచ్చుకున్న భారత సంతతి దంపతులైతే జాతీయ మండలి సిఫారసు కూడా పొందాలి.

తెలుగు ఇళ్ళలో అసలు ప్రమాదం మోసగాళ్ళ వలన కంటె మంచివాళ్ళ వలన ఎక్కువ. మరదలో, వదినో ముందుకు వస్తుంది. ఇంటి బిడ్డకు కోర్టు కాగితమెందుకని పెద్దలంటారు. ఆసుపత్రివారు పద్ధతి ప్రకారం కన్న స్త్రీ పేరూ, ఆమె భర్త పేరూ వ్రాసుకుంటారు. ఇక మిగిలేది దత్తత. ఇస్లామీయ న్యాయంలో దత్తతకు గుర్తింపు లేదు, పోషణ బాధ్యత అనబడే కఫాలా వేరు. ఆ పత్రంతో మస్కట్‌లో ఎన్ని కిటికీల దగ్గర ఎన్ని వివరణలు చెప్పుకోవాలో! మరికొందరు ఇంతకంటె అవివేకానికి పూనుకొని, ప్రసవించినది భార్యయేనని వ్రాయిస్తారు. ప్రసవం నాటికి ఆమె ఒమన్‌లోనే ఉన్నదని ఆమె పాస్‌పోర్టులోని రాకపోకల ముద్రలే సాక్ష్యమిస్తాయి. దొంగ పత్రం మీద నిలిచిన బిడ్డ హక్కు ఆస్తి పంపకాలనాడు ఏ దాయాది కదిపినా కదులుతుంది.

చట్టంలో లోపాలు లేకపోలేదు. వైద్య మండలి ధ్రువపత్రం, మేజిస్ట్రేటు ఉత్తర్వు, అర్హతా పత్రాలు, ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి నడవాలి. సంవత్సరానికి ఒక నెల సెలవు దొరికే ఉద్యోగికి ఇది పెద్ద పరీక్ష. భార్య వయస్సు 49 అయితే ఒక్క వాయిదా తప్పినా ద్వారం మూసుకుంటుంది. దంపతులు మస్కట్‌లోని భారత రాయబార కార్యాలయంలో కూర్చుండి, మోసే స్త్రీ గుంటూరులోనో, కరీంనగరులోనో న్యాయాధికారి ఎదుట హాజరై, దృశ్యశ్రవణ పద్ధతిలో ఒకేనాడు ముగ్గురి వాంగ్మూలం తీసుకోవడానికి అడ్డేమిటి? ఇతర వ్యాజ్యాలలో న్యాయస్థానాలకు ఆ పద్ధతి అలవాటైనదే. ప్రవాసాంధ్ర సంఘాలు ప్రతి ఏటా మంత్రులకు సమర్పించే వినతిపత్రాలలో విమాన ఛార్జీల పక్కన ఈ ఒక్క పంక్తిని చేర్చవచ్చును.