నస్కల్ పన్ను చెప్పే పాఠం

జీవశాస్త్రంలో వర్గీకరణ అనగానే విద్యార్థులకు కంఠస్థం చేయవలసిన పట్టిక స్ఫురిస్తుంది. వర్గం, విభాగం, క్రమం, కుటుంబం, ప్రజాతి, జాతి అంటూ అందులోని పేర్లు మెట్లుమెట్లుగా దిగివస్తాయి. గజపతినగరంలో చదివే బై.పి.సి. విద్యార్థికైనా, మహానగరంలో చదివే విద్యార్థికైనా ఆ పట్టిక రాతిపై చెక్కిన శాసనంలా కనబడుతుంది. నిజానికి అది లభించిన సాక్ష్యాలను బట్టి వెలువడిన తీర్పు మాత్రమే. కొత్త సాక్ష్యం లభిస్తే ఆ తీర్పును పునఃపరిశీలించవలసి వస్తుంది. ఈ మార్పును శాస్త్రానికి లోపంగా భావించడం పొరపాటు. శాస్త్రానికి ఉన్న బలమంతా అందులోనే ఉంది.

ఇందుకు మొదటి ఉదాహరణ గజపతినగరానికి పెరటివంటి తూర్పు కనుమలలోనే ఉంది. ఆ కనుమల అడవులలో ట్రీష్రూ అనే చిన్న జంతువు నివసిస్తుంది. పైపైన చూసినవారు దానిని ఉడుత అనుకుంటారు. పొడవైన మూతి, కీటకాలను తినే అలవాటు దానిని ఉడుత నుండి వేరు చేస్తాయి. ఉత్తర సర్కారులకు కమిషనరుగా పనిచేసిన వాల్టర్ ఇలియట్ పేరు దాని శాస్త్రీయ నామంలో నిలిచి ఉంది. 1945లో అమెరికా శాస్త్రవేత్త జార్జి గేలార్డ్ సింప్సన్ క్షీరదాలను వర్గీకరించినప్పుడు ట్రీష్రూలను కోతులు, మానవులు ఉన్న ప్రైమేట్ల క్రమంలో చేర్చాడు. తరువాతి శాస్త్రవేత్తలు వాటి శరీర నిర్మాణాన్ని మరింత నిశితంగా పరిశీలించి, ఆ క్రమం నుండి తొలగించారు. నేడు వాటికి స్కాండెన్షియా అనే ప్రత్యేక క్రమం ఉంది. ఈ మధ్యకాలంలో ట్రీష్రూ మారలేదు. దానిని గురించిన మానవుని జ్ఞానం మారింది.

కళ్లెదుట తిరిగే ప్రాణి విషయంలోనే ఇంత చర్చ జరిగినప్పుడు, కోట్ల సంవత్సరాల క్రితం అంతరించిన ప్రాణి విషయంలో ఎంత చర్చ జరగాలి! అటువంటి ప్రాణుల ఆనవాళ్లు గజపతినగరం పరిసరాల కొండలలో దొరకవు. అక్కడి ఖొండలైటు శిలలు భూగర్భంలో తీవ్రమైన వేడికీ ఒత్తిడికీ లోనై రూపాంతరం చెందినవి. అవి ఏర్పడిన నాటికి భూమిపై క్షీరదాలే లేవు. ఆ ఆనవాళ్ల కోసం తెలుగు నేలలో మరొక కొసకు, హైదరాబాదుకు పడమరగా వికారాబాదు సమీపంలో ఉన్న నస్కల్ గ్రామానికి వెళ్లాలి. ఆ గ్రామం నేడు తెలంగాణ రాష్ట్రంలో ఉంది.

సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం దక్కను ప్రాంతమంతటా అగ్నిపర్వతాల లావా పొరలుపొరలుగా ప్రవహించింది. ఒక ప్రవాహానికీ మరొక ప్రవాహానికీ నడుమ దీర్ఘకాలం విరామం ఉండేది. ఆ విరామంలో సరస్సులు ఏర్పడేవి, మొక్కలు మొలిచేవి, జంతువులు తిరిగేవి. సరస్సుల అడుగున చేరిన బురద తరువాతి లావా కింద భద్రంగా నిలిచిపోయింది. నస్కల్ వద్ద అటువంటి పొర నుండి మట్టిని సేకరించి, నీటిలో కడిగి, సన్నని జల్లెడలలో వడపోసి, మిగిలిన రేణువులను సూక్ష్మదర్శిని కింద ఏరినప్పుడు కొన్ని పళ్లు బయటపడ్డాయి. వాటి పరిమాణం ఒకటి, రెండు మిల్లీమీటర్లు మాత్రమే.

ఆ పళ్ల ఆధారంగా జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్నీ అనే శాస్త్రవేత్తలు 1988లో 'నేచర్' పత్రికలో ఒక కొత్త క్షీరదాన్ని ప్రకటించారు. భారతదేశంలో క్రిటేషియస్ యుగపు క్షీరదం వెలుగులోకి రావడం అదే ప్రథమం. దానికి వారు పెట్టిన పేరు డెక్కనోలెస్టిస్ హిస్లోపి. లెస్టిస్ అంటే గ్రీకు భాషలో దొంగ. ఇక హిస్లోపి అనే మాట నాగపూరులో నివసించి దక్కను శిలలను పరిశోధించిన స్టీఫెన్ హిస్లాప్‌కు స్మారకం. మొదట దీనిని కీటకాలను తినే పురాతన క్షీరదాల కుటుంబంలో చేర్చారు.

1994లో దీనివేనని భావించిన చీలమండ ఎముకలను పరిశీలించినప్పుడు కథ మలుపు తిరిగింది. ఆ ఎముకల కీళ్లు చెట్లెక్కే జంతువుల కీళ్లను పోలి ఉన్నాయి. 2010లో మరికొన్ని అవయవాల ఎముకలను వివరించిన పరిశోధకులు, ప్రైమేట్లు, ట్రీష్రూలు, కొలుగోలు కలిసిన మహాసమూహానికి ఇది దగ్గరిది కావచ్చునని సూచించారు. అదే సంవత్సరం మరొక పరిశోధక బృందం ఆఫ్రికా, ఐరోపా ఖండాలలో దొరికిన అడాపిసోరిక్యులిడ్ అనే కుటుంబంతో దీనికి చుట్టరికం చూపింది. ఇంతలో మెరుగైన నమూనాలు డజన్లకొద్దీ లభించాయి. 2011లో ప్రసాద్ కూడా ఉన్న అంతర్జాతీయ బృందం వాటన్నింటినీ కలిపి విశ్లేషించింది. అడాపిసోరిక్యులిడ్లతో చుట్టరికం నిలిచింది; ప్రైమేట్లతో బంధుత్వం నిలవలేదు. నేటి జరాయు క్షీరదాల శాఖలు విడివడక ముందే వేరుపడిన పురాతన శాఖకు డెక్కనోలెస్టిస్ చెందుతుందని ఆ విశ్లేషణ తేల్చింది.

ఇక్కడే పాఠకుని మనస్సుకు పరీక్ష ఎదురవుతుంది. మానవుని తొలి బంధువు తెలుగు నేలపై తిరిగిందని చెప్పుకోవడంలో ఎంతో ఆకర్షణ ఉంది. 2010 నాటి మాటను పట్టుకొని 2011 నాటి మాటను వదలివేస్తే ఆ గర్వం చెక్కుచెదరదు. అయితే ఇష్టమైన సాక్ష్యాన్ని ఉంచుకొని ఇష్టం లేని సాక్ష్యాన్ని దాచడం శాస్త్రం కాదు, సత్యమూ కాదు. పుట్టినగడ్డపై అభిమానం ఉండవలసిందే. ఆ అభిమానం బంధుత్వపు హోదా మీద ఆధారపడితే, హోదా మారిన నాడు అదీ కూలిపోతుంది. పిడికెడు మట్టి నుండి మిల్లీమీటరు పన్నును వెదకి పట్టిన ఓర్పు మీద, సొంత ఊహను తామే సవరించుకొన్న నిజాయితీ మీద నిలిచిన అభిమానానికి ఏ పరిశోధన వల్లా భయం లేదు.

ఈ అనిశ్చితి నస్కల్ ప్రాణికి మాత్రమే పరిమితం కాదు. అమెరికాలోని మోంటానాలో దొరికిన పర్గటోరియస్‌కు 1965లో పేరు పెట్టారు. అది ప్రైమేట్లను పోలిన ప్రాణులలో అతి ప్రాచీనమైనదిగా ప్రసిద్ధి పొందింది. ఫ్రాన్సులో దొరికిన ప్లెసియాడాపిస్ అదే కోవకు చెందినది. దాని దవడపళ్లు ప్రైమేట్ల పళ్లను తలపిస్తాయి. వేళ్లకు మాత్రం గోళ్లకు బదులు వాడియైన పంజాలున్నాయి. కంటి వెనుక ప్రైమేట్లకు ఉండే ఎముక కమ్మీ లేదు. అందువల్ల ఈ ప్రాణులను కొందరు ప్రైమేట్లలోనే లెక్కిస్తారు, మరికొందరు వాటి పొరుగువారిగా పరిగణిస్తారు. సంపన్న దేశాలలో దశాబ్దాల తరబడి అధ్యయనం చేసిన శిలాజాలకే ఈ స్థితి ఉంటే, నస్కల్ పన్ను విషయంలో అభిప్రాయం మారడం చిన్నతనం కానేరదు.

నేడు చదివింది రేపు మారిపోతే చదవడం దేనికని విద్యార్థి అడగవచ్చు. ఆ ప్రశ్న సమంజసమైనదే. అయితే అన్నీ మారవు. నస్కల్‌లో పన్ను దొరికిన మాట మారదు. అది లావా పొరల నడుమ దొరికిన మాట మారదు. రాక్షసబల్లులు అంతరించే కాలం నాటికే ఈ ప్రాంతంలో చెట్లెక్కగల చిన్న క్షీరదాలు ఉండేవన్న నిర్ణయం ఇంకా బలపడింది. మారింది వాటి చుట్టరికం గురించిన ఊహ ఒక్కటే. కనుగొన్న విషయమేదో, దాని నుండి ఊహించిన విషయమేదో వేరు చేసి చూడగలగడమే అసలైన చదువు. ఈ వివేకం వంటబట్టినవాడు వార్తాపత్రికలోని వార్తనైనా, ఎన్నికల సభలోని వాగ్దానాన్నైనా అదే విధంగా తూచి చూడగలడు.

కాబట్టి వర్గీకరణను బోధించేటప్పుడు ఒక ప్రాణి ఏ క్రమానికి చెందుతుందని అడగడంతో పాటు, ఏ ఆధారంతో అలా చెబుతున్నారని కూడా అడగాలి. పరీక్షాపత్రంలో రెండవ ప్రశ్నకు చోటు దక్కితే కంఠస్థానికి బదులు ఆలోచన పెరుగుతుంది. అదేవిధంగా రాతి పొరల నడుమ ఉన్న మట్టిని విలువలేనిదిగా తవ్విపోయకుండా కాపాడుకోవాలి. శిలాజాలున్న పొరను ఒకసారి పోగొట్టుకుంటే తీర్పును సరిదిద్దే సాక్షి శాశ్వతంగా మూగబోతాడు. నస్కల్ పన్నుపై నేటి తీర్పే చివరిది కానక్కరలేదు. దానిని సవరించే చేయి రేపు గజపతినగరం విద్యార్థిదే కావచ్చు.