దండెం మీద దండయాత్ర

అమెరికాలో ఇల్లు కొన్నవాళ్ళకి తాళంచెవులతో పాటు ఓ లావుపాటి కాగితాల కట్ట కూడా చేతిలో పెడతారు. హోమ్ ఓనర్స్ అసోసియేషన్ వారి నిబంధనలవి. సంతకాలు పెట్టిన రోజు చెయ్యి నొప్పి పుట్టడం తప్ప ఇంకేమీ గుర్తుండదు కాబట్టి, వాటిని చదివినవాళ్ళు తక్కువ. వీలు చూసుకుని ఓసారి చదవండి. తలుపులకి ఏ రంగు వేయాలి, చెత్తడబ్బా ఎక్కడ దాచాలి, గడ్డి ఎంత ఎత్తుకి మించకూడదు... వీటి మధ్య చాలాచోట్ల ఓ చిన్న వాక్యం కనిపిస్తుంది: ఆరుబయట బట్టలు ఆరేయరాదు. ఎందుకయ్యా అంటే, అందం చెడుతుందట.

నా గొడవంతా ఈ వాక్యంతోనే.

ముందు లెక్క చూద్దాం. ఇక్కడి కరెంటు డ్రయర్‌కి మామూలు ప్లగ్గు సరిపోదు. దానికోసం విడిగా 240 వోల్టుల లైను, 30 ఆంపియర్ల బ్రేకరు ఉండాలి. ఒక్క వాయి బట్టలు ఆరడానికి రమారమి 2 నుంచి 4 యూనిట్లు తాగుతుంది. జులైలో డాలస్‌లోనో ఫీనిక్స్‌లోనో బయట 100 డిగ్రీల ఫారన్‌హీట్ ఎండ కాస్తూంటుంది. మనం లోపల ఏసీ వేసి ఇల్లు చల్లబరుస్తాం. ఆ చల్లబడ్డ గాలినే డ్రయర్ లోపలికి పీల్చి, మళ్ళీ వేడిచేసి, గొట్టంలోంచి బయటికి తోలేస్తుంది. ఒకే పనికి రెండుసార్లు డబ్బు కట్టి, ఊరికే వచ్చే ఎండని గుమ్మం బయట నిలబెడుతున్నాం. ఏ క్లయింటుకైనా ఇలాంటి డిజైన్ ఇస్తే మర్నాడు నా కాంట్రాక్టు ఉండదు. ఇది చాలదన్నట్టు, ఇళ్ళల్లో డ్రయర్ల వల్ల ఏటా సుమారు 2,900 అగ్నిప్రమాదాలు జరుగుతున్నాయని అమెరికా ఫైర్ అడ్మినిస్ట్రేషన్ 2008-10 నాటి లెక్కల్లో తేల్చింది. అందులో మొదటి కారణం, జల్లెడలో పేరుకున్న నూగు శుభ్రం చెయ్యకపోవడం. ఆ నూగు ఎక్కణ్ణుంచి వచ్చిందనుకున్నారు? మీ బట్టల్లోంచే.

"డబ్బు సంగతి సరే, అందం మాటేమిటి?" అంటారా? అక్కడికే వస్తున్నాను.

మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు తన మంగళగిరి చీరలు ఉతికి, గంజి పెట్టి, పెరట్లో కంచె మీద ఆరేసింది. ఆ వారంలోనే అసోసియేషన్ నుంచి ఉత్తరం వచ్చింది, పది రోజుల్లో సరిదిద్దుకోకపోతే జరిమానా అని. ఉత్తరంలో ఏముందో చదివి చెప్తే, "ఎవరికి అడ్డంరా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. గంజి పెట్టిన నూలు చీరని డ్రయర్లో వేస్తే ఏమవుతుందో మీ ఇంట్లో అడగండి. దాన్ని సాపుగా లాగి, మడత లేకుండా పరిచి, రంగు వెలవకుండా నీడపట్టున ఆరేస్తేనే ఆ బిగువు వస్తుంది. తెల్ల పంచె అయితే నేరుగా ఎండలో వేయాలి. అంటే బట్టకి అందం తెచ్చేది దండెమే. వీధి అందం కోసమని ఒంటి మీది బట్ట అందాన్ని బలిపెడుతున్నాం. ఇందులో అందానికీ అవసరానికీ తగువే లేదు. రెండూ ఒకే వైపున ఉన్నాయి. ఎదురుగా ఉన్నది ఇంకేదో.

అదేమిటో తెలియాలంటే కొంచెం చరిత్ర కావాలి. 1947లో న్యూయార్క్ పక్కనున్న లాంగ్ ఐలాండ్‌లో లెవిట్ అండ్ సన్స్ అనే కంపెనీ లెవిట్‌టౌన్ కట్టడం మొదలుపెట్టింది. ఇప్పటి మన సబ్‌డివిజన్లకి అది పెద్దక్క. గడ్డి వారం వారం కోయాలి, కంచెలు కట్టరాదు, బట్టలు పాతిన దండేల మీద కాకుండా తీసేయగలిగే స్టాండ్ల మీదే వేయాలి, అదీ శని ఆదివారాల్లో వేయరాదు - ఇవీ అక్కడి నియమాలు. అదే లెవిట్‌టౌన్ తొలి అద్దె ఒప్పందాల్లో ఇంకో షరతు కూడా ఉండేది: కకేషియన్ జాతివాళ్ళు తప్ప ఇంకెవరూ ఆ ఇంట్లో ఉండరాదు. ఇతర జాతులవాళ్ళని పనివాళ్ళుగా పెట్టుకోవడానికి మాత్రం అభ్యంతరం లేదు! జాతి షరతులను కోర్టులు అమలు చెయ్యకూడదని సుప్రీంకోర్టు 1948లో చెప్పింది. 1968లో ఫెయిర్ హౌసింగ్ చట్టం వచ్చింది. మనుషుల మీద షరతు పోయింది, బట్టల మీద షరతు మిగిలింది. మనలాంటివాళ్ళని గుమ్మం ఎక్కనివ్వకూడదన్న రోజుల్లో పుట్టిన మర్యాదని ఇవాళ మనమే బోర్డుల్లో కూర్చుని కాపలా కాస్తున్నాం. నాకు నవ్వొస్తుందో ఏడుపొస్తుందో తెలియదు.

అంచేత, ఆ ఎదురుగా ఉన్నది అందం కాదు. చేతుల్తో పని చేసుకుంటున్నామని, డ్రయర్ కొనే స్తోమత లేదని ఎవరైనా అనుకుంటారేమోనన్న బెంగ. పెన్సిల్వేనియాలో లాంకాస్టర్ కౌంటీకి వెళ్ళండి. ఆమిష్ వాళ్ళ ఇళ్ళ దగ్గర పొడుగాటి తీగల మీద రెపరెపలాడే బట్టల్ని టూరిస్టులు ఫొటోలు తీసుకుంటారు. వెనిస్ సందుల్లో కిటికీకీ కిటికీకీ మధ్య వేలాడే దుప్పట్లు పోస్టుకార్డులకెక్కాయి. సెలవుల్లో అందంగా కనిపించింది ఇంటికి రాగానే అసహ్యం ఎలా అయిందో?

ఎదుటివాళ్ళ మాట కూడా వినాలి. వసంతంలో పుప్పొడి పడుతుంది, నిజమే. మిషిగన్‌లో జనవరి నెలలో దండెం మీద బట్టలు గడ్డకడతాయి, అదీ నిజమే. డ్రయర్ పారేయమని నేననడం లేదు, మా ఇంట్లోనూ ఉంది. పక్కవాళ్ళ లోదుస్తులు చూడలేమంటే, అవి లోపలి వరసలో వేసుకోమని చెప్పుకోవచ్చు. ఇహ "ఇంటి రేటు పడిపోతుంది" అంటారా, అదొక్కటే నిజాయితీగా చెప్పిన మాట. కాకపోతే అది ధర గురించిన మాట. దాన్ని అందం అని పిలవకండి.

చట్టం ఈ వాదనని ఎప్పుడో ఒప్పుకుంది. దండేలను నిషేధించకూడదని ఫ్లారిడా 1980లోనే శాసనం చేసింది. కొలరాడో 2008లో, వెర్మాంట్, మెయిన్ 2009లో, మేరీలాండ్, హవాయి 2010లో ఏదో ఒక రూపంలో ఆ దారికొచ్చాయి. పెరట్లో బట్టలారేసుకోనివ్వాలని కాలిఫోర్నియా 2015లో చట్టం చేసింది. ఈ రాష్ట్రాల్లో ఉండి కూడా సంగతి తెలియక ఉత్తరాలకి భయపడేవాళ్ళు మనలో ఎంతమందో!

ఇంటి దగ్గరున్నవాళ్ళు నవ్వుకోనక్కర్లేదు. గచ్చిబౌలి, కోకాపేట వైపు గేటెడ్ కమ్యూనిటీల్లో కూడా బాల్కనీలో బట్టలు కనిపించకూడదనే రూల్స్ వచ్చేశాయి. "ఎలివేషన్ పాడవుతుంది" అట! ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండ కాసే ఊళ్ళో ఉంటూ, ఆ ఎండకి మొహం చాటేసే ఇళ్ళు కట్టుకుని, డ్రయర్ ఏ కంపెనీది మంచిదని మమ్మల్ని అడుగుతున్నారు. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే కదూ? ఇక్కణ్ణుంచి నేర్చుకోదగ్గవి చాలా ఉన్నాయి. ఇది మాత్రం వద్దు.

ఇక్కడివాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. ఏడాదికోసారి జరిగే అసోసియేషన్ మీటింగుకి వెళ్ళండి. మామూలుగా అక్కడ కోరం కూడా ఉండదు, పదిమంది కలిసి వెళ్తే మాట చెల్లుతుంది. బోర్డు పెట్టిన రూలైతే బోర్డే తీసేయొచ్చు. మూల ఒప్పందంలోనే ఉంటే ఓట్లు ఎక్కువ కావాలి, గడపగడపకీ తిరగాలి. పెరట్లో, కంచె ఎత్తు దాటకుండా, పగటి పూట ఒక దండెం - ఇంతే అడగండి. ఆ మాత్రం కూడా కాదంటే, ఎవరికి అడ్డమో వాళ్ళనే చెప్పమనండి. మినిట్స్‌లో రాయించండి.