తక్కువ మార్కు ఎవరిది?

మహబూబాబాద్‌లో 2022 నవంబరులో, జనగామ, భూపాలపల్లిలో 2023 సెప్టెంబరులో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. రాష్ట్రంలో గిరిజన రిజర్వేషన్ ఆరు నుంచి పది శాతానికి పెరిగింది కూడా 2022లోనే. తండాలకు, గూడేలకు, సింగరేణి బస్తీలకు ఇది చిన్న మార్పు కాదు. ఎంబీబీఎస్ తర్వాత ఏమిటన్న ప్రశ్న ఇప్పుడు ఆ పిల్లల ముందుంది. ఆ నిర్ణయం తీసుకోగలమన్న నమ్మకం విద్యార్థికి ఎంత ఉందో కొలిచే ప్రశ్నావళి ఒకటి మనోవిజ్ఞాన శాస్త్రంలో ఉంది. కొలవడంపై నాకు అభ్యంతరం లేదు. వచ్చిన అంకెను ఎవరి ఖాతాలో రాస్తామన్నదే నా ప్రశ్న.

ఈ కొలమానాన్ని 1983లో అమెరికాలో టేలర్, బెట్జ్ 50 ప్రశ్నలతో రూపొందించారు. 1996లో దానిని 25కు కుదించారు. తనను తాను అంచనా వేసుకోవడం, వృత్తుల సమాచారం సేకరించడం, లక్ష్యాన్ని ఎంచుకోవడం, ప్రణాళిక వేసుకోవడం, ఆటంకాలను దాటడం అనే ఐదు అంశాల్లో విద్యార్థి తన నమ్మకానికి తానే మార్కు వేసుకోవాలి.

సమాచారం సంగతే చూద్దాం. ఇష్టపడిన రంగంలో పనిచేస్తున్నవారితో మాట్లాడగలవా అని అడిగితే, హైదరాబాదు డాక్టరు దంపతుల బిడ్డకు జవాబు ఇంట్లోనే ఉంటుంది. రేడియాలజీ, అనస్థీషియా అన్న మాటలు కళాశాలకు వచ్చాకే విన్న లంబాడా విద్యార్థి ఎవరిని అడగాలి? ఇంటి అప్పు నెత్తిన ఉండగా, పీజీ నీట్ కోసం ఏడాదిపాటు సంపాదన లేకుండా కోచింగులో కూర్చోగలనని ఏ ధైర్యంతో చెప్పాలి? అతడు వేసుకునే తక్కువ మార్కు పిరికితనం కాదు, ఉన్నది ఉన్నట్టు చెప్పడం. మా విశ్వవిద్యాలయాల్లో మాత్రం సగటు తీసి, కులవర్గాల వారీగా పట్టిక వేసి, తేడా కనిపించిన చోట చుక్క పెట్టి వదిలేసే అలవాటుంది. ఆ చుక్కను ‘రిజర్వేషన్ పిల్లలకు ఆత్మవిశ్వాసం తక్కువ’ అని చదివేవారు మనలో ఎప్పుడూ సిద్ధంగానే ఉంటారు.

ఈ కొలమానానికి పునాది ఆల్బర్ట్ బాండూరా సిద్ధాంతం. స్వయంగా సాధించిన అనుభవం, తనలాంటివారు సాధించగా చూడడం, ఇతరుల ప్రోత్సాహం, శరీర మానసిక స్థితి అనే నాలుగింటి నుంచి నమ్మకం పుడుతుందని ఆయన చెప్పాడు. వీటిలో రెండోది, మూడోది చుట్టూ ఉన్న మనుషుల నుంచి రావాల్సినవే. మొదటిది కూడా అవకాశం దొరికితేనే. ఈ మూడు కళాశాలల తొలి బ్యాచ్‌లకు సీనియర్లే లేరు. తమ తండా నుంచో, వాడ నుంచో వచ్చిన ఆచార్యులు ఎందరు కనిపించి ఉంటారు? ప్రోత్సాహం మాట అటుంచి, ‘కోటా సీటు’ అన్న వెక్కిరింత వినని వారెందరు? 2023 ఫిబ్రవరిలో వరంగల్‌లో అనస్థీషియా పీజీ చదువుతున్న లంబాడా విద్యార్థిని మరణించింది, వేధింపుల ఆరోపణపై కేసు నమోదైంది. ఆ వార్త చదివిన చెల్లెళ్లు ఇప్పుడు ఇదే ప్రశ్నావళి నింపుతారు. ఆ భయం 25 ప్రశ్నల్లో ఏ గడిలో నమోదవుతుంది?

మరొకటి. ఒంటరిగా నిర్ణయించుకునే వ్యక్తిని ఊహించుకుని రాసిన ప్రశ్నలివి. అమ్మానాన్నల బాకీ, చెల్లి చదువు లెక్కవేసుకుని నిర్ణయించేవాణ్ణి సందిగ్ధంలో ఉన్నవాడని అనడం పొరపాటు. తెలుగులోకి మార్చేటప్పుడు పదాలతోపాటు ఈ ఊహనూ సరిచూడాలి.

అందుకే ఈ కళాశాలల్లో సర్వే చేసేవారు విద్యార్థి కులంతోపాటు ఇంట్లో అతనికి ముందు డాక్టరు ఉన్నారా, తల్లిదండ్రులు ఎంతవరకు చదివారు, అప్పు ఎంత అన్నవీ నమోదు చేయాలి. అదే రోజు ప్రిన్సిపాలుకూ ఒక కాగితం ఇవ్వాలి. పీజీ మార్గాలు వివరించే సదస్సు ఎన్నిసార్లు పెట్టారు? ఖాళీగా ఉన్న అధ్యాపక పోస్టులెన్ని? కులవివక్ష ఫిర్యాదుల కమిటీ చివరిసారి ఎప్పుడు సమావేశమైంది?