కిమ్ గారిని ఏమని పిలవాలి?

మన రాజమహేంద్రవరంలో కొరియన్ నేర్చుకునే పిల్లల్లో చాలామంది సీరియళ్లు చూసో, పాటలు వినో మొదలుపెట్టినవాళ్లే. ‘ఒప్పా’ తెలుసు, ‘సారంగే’ తెలుసు. ఆ ముచ్చటను నేను తక్కువ చేయను. ఇష్టం లేకుండా ఏ భాషా ఒంటబట్టదు. కానీ ఉద్యోగం కోసం నేర్చుకునేవాళ్లు ముందు పదవుల పేర్లు పట్టాలి.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 536 ఎకరాల కియా ఫ్యాక్టరీ నుంచి 2019లో సెల్టోస్ కారు బయటికొచ్చింది. ఏడాదికి 3 లక్షల కార్లు తయారుచేయగల ఫ్యాక్టరీ అది. చుట్టూ విడిభాగాల కంపెనీలు వెలిశాయి. 2025 మేలో శ్రీసిటీలో ఎల్‌జీ ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది. మన డిప్లొమా, ఇంజనీరింగ్ పిల్లలు వెళ్లేది ఇలాంటి చోట్లకే. షిఫ్టులో అడుగుపెట్టగానే ఎదురయ్యే కొరియా అధికారిని ఏమని పిలవాలి?

‘కిమ్ సి’ అనేస్తారు. ఇంగ్లిష్ పుస్తకాల్లో ‘సి’ అంటే ‘మిస్టర్’ అని ఉంటుంది మరి. కానీ కిమ్ ఇంటిపేరు. పై అధికారిని ఒట్టి ఇంటిపేరుకు ‘సి’ తగిలించి పిలిస్తే కొరియాలో చులకన చేసినట్టే. ఆయన సెక్షన్ మేనేజరైతే ‘కిమ్ క్వాజాంగ్‌నిమ్’ అనాలి. ముందు ఇంటిపేరు, తర్వాత పదవి, చివర ‘నిమ్’. ఇంటిపేరు తెలియకపోతే ‘క్వాజాంగ్‌నిమ్’ చాలు. ఎవరూ తమ పదవికి తామే నిమ్ చేర్చుకోరు.

అడుగున ఉండేది సావన్. ఆ పైన తేరి, క్వాజాంగ్, ఛాజాంగ్, పుజాంగ్. డైరెక్టర్ల వరుస దాటితే కంపెనీ పెద్ద సాజాంగ్, గ్రూపు ఛైర్మన్ హ్వేజాంగ్. లైను మీద పనివాళ్లను నడిపేవాడు పంజాంగ్. ఫ్యాక్టరీ మొత్తానికి అధికారి కొంగ్‌జాంగ్‌జాంగ్. చివరి ‘జాంగ్’ అంటే పెద్ద. అది దొరికితే సగం పని అయినట్టే. ఊరిపెద్ద ఈజాంగ్, మేయర్ షిజాంగ్, హెడ్మాస్టరు క్యోజాంగ్.

ఇదంతా తెలుగువాడికి కొత్తేమీ కాదు. కలెక్టరు గారు, మునసబు గారు, కరణం గారు అంటూనే పెరిగాం. 1984లో గ్రామాధికారుల పదవులు పోయినా మునసబు గారి ఇల్లు అలాగే మునసబు గారి ఇల్లుగా ఉండిపోయిన ఊళ్లున్నాయి. నిమ్ అచ్చంగా ఈ ‘గారు’ లాంటిదే. ‘వచ్చాడు’, ‘వచ్చారు’ తేడా మనకెవరూ వ్యాకరణంలా నేర్పలేదు. మనిషిని బట్టి క్రియకు మర్యాద చేర్చడం కొరియన్‌లోనూ ఉంది. క్రియ వాక్యం చివరే వస్తుంది. ఇంటిపేరు ముందు చెప్పడమూ మన పద్ధతే. చేతిలో ఇంత ఆస్తి పెట్టుకుని, మర్యాద క్రియలు లేని ఇంగ్లిష్ మీదుగా చుట్టు తిరిగి కొరియన్‌కు వెళ్తున్నాం. ‘కిమ్ సి’ తప్పు పుట్టేది ఆ దారిలోనే. నాకు బాధ కలిగించేది ఇదే.

పదవులు ఎత్తేస్తున్నారుగా అనవచ్చు. నిజమే. సామ్‌సంగ్ ఎలక్ట్రానిక్స్ 2017లో హోదాల మెట్లు తగ్గించి, పేరుకు నిమ్ చేర్చి పిలుచుకోమంది. 2019లో హ్యుందాయ్ ఆఫీసు ఉద్యోగుల పిలుపులను రెండింటికి కుదించింది. అయినా నిమ్ పోలేదు. చిన్న కంపెనీల్లో క్వాజాంగ్, పుజాంగ్ ఇంకా నడుస్తూనే ఉన్నాయి. మెషిన్ మొరాయించినప్పుడు పంజాంగ్‌కు చెప్పాలా, క్వాజాంగ్ దాకా వెళ్లాలా అన్నది కుర్రాడికి మొదటి వారంలోనే తెలియాలి.

2020 జాతీయ విద్యా విధానం హైస్కూలు స్థాయిలో నేర్పదగిన విదేశీ భాషల్లో కొరియన్‌ను చేర్చింది. హైదరాబాద్‌లోని ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)లో కొరియన్ చెబుతున్నారు. మన నన్నయ విశ్వవిద్యాలయం తెలుగులోనే ఒక చిన్న కొరియన్ వాచకం వేయించాలి. మొదటి పాఠంలో పదవులు, వాటి పక్కన తెలుగు లిపిలో ఉచ్చారణ, ఫోన్లో వినడానికి కొరియా మనిషి గొంతు. ఫ్యాక్టరీల్లో పనిచేసి వచ్చిన తెలుగువాళ్లను కూర్చోబెట్టి రాయిస్తే మరీ మంచిది. వచ్చే జూన్‌లో కాలేజీలు తెరిచేనాటికి అది పిల్లల చేతికి అందాలి.