కోత లేని క్యాన్సర్ చికిత్స: తొలి దశలో గుర్తిస్తేనే ఫలితం

గుజరాత్‌లోని సూరత్ సమీపాన, తాపీ నది సముద్రంలో కలిసే చోట ఉన్న హజీరా ఉక్కు, ఎరువులు, పెట్రో రసాయనాలు, సహజవాయువు పరిశ్రమలకు కేంద్రం. తెలంగాణ నుంచి మరమగ్గాల పనికి తరలివెళ్లిన చేనేత కుటుంబాలెన్నో సూరత్‌లోనే స్థిరపడ్డాయి. ఇటువంటి శ్రామిక ప్రాంతాల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ బయటపడితే, రోగి శస్త్రచికిత్సకు తట్టుకోగలరా అన్నది కీలక ప్రశ్న అవుతుంది.

తొలి దశలో కణితి ఉన్న భాగాన్ని కోసి తీసివేయడమే ప్రామాణిక చికిత్స. అయితే ఏళ్ల తరబడి పొగతాగడం వల్లనో, దుమ్ము ధూళి మధ్య పనిచేయడం వల్లనో శ్వాస సామర్థ్యం క్షీణించినవారికి, తీవ్రమైన గుండెజబ్బు ఉన్నవారికి ఆ శస్త్రచికిత్సే ప్రాణాపాయం కావచ్చు. అటువంటివారికి ఉన్న మార్గాల్లో వేడితో కణితిని నిర్మూలించే పద్ధతి ఒకటి.

ఈ విధానంలో సీటీ స్కాన్‌లో చూస్తూ సన్నని సూదిని చర్మం గుండా కణితిలోకి పంపుతారు. రేడియో ఫ్రీక్వెన్సీ విద్యుత్తు లేదా మైక్రోవేవ్‌ల వల్ల పుట్టే వేడి 60 డిగ్రీల సెల్సియస్ దాటగానే క్యాన్సర్ కణాల్లోని మాంసకృత్తులు గడ్డకట్టి, ఆ కణాలు నశిస్తాయి. 3 సెంటీమీటర్ల లోపు కణితుల్లో ఫలితం మెరుగ్గా ఉంటుంది. పక్కనే పెద్ద రక్తనాళం ఉంటే ప్రవహించే రక్తం వేడిని లాగేసుకోవడంతో అంచుల్లో క్యాన్సర్ కణాలు మిగిలిపోవచ్చు. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం ప్రధాన దుష్ప్రభావం.

అమెరికాలో శస్త్రచికిత్సకు వీలుకాని 51 మంది తొలి దశ రోగులపై రేడియో ఫ్రీక్వెన్సీ పద్ధతిని పరిశీలించిన అధ్యయనం 2015లో వెలువడింది. రెండేళ్ల తర్వాత సుమారు 70 శాతం మంది జీవించి ఉన్నారు. కానీ చికిత్స చేసిన చోట కణితి తిరగబెట్టనివారు దాదాపు 60 శాతమే. అందువల్లనే ఇటువంటి రోగులకు కణితిపైనే కేంద్రీకరించి ఇచ్చే రేడియేషన్‌కు వైద్యులు తొలి ప్రాధాన్యమిస్తున్నారు. అది వీలుకానప్పుడు, లేదా రేడియేషన్ తర్వాత కణితి మళ్లీ తలెత్తినప్పుడు వేడి చికిత్సను పరిశీలిస్తారు.

అసలు సమస్య అంతకు ముందే మొదలవుతోంది. అంతర్జాతీయ అంచనాల ప్రకారం 2022లో భారతదేశంలో సుమారు 81 వేల మందికి ఊపిరితిత్తుల క్యాన్సర్ సోకగా, దాదాపు 75 వేల మంది మరణించారు. అత్యధికుల్లో వ్యాధి ముదిరాకే బయటపడటం ఇందుకు ప్రధాన కారణం. విడవని దగ్గును క్షయగా భావించి నెలల తరబడి మందులు వాడటం మరో జాప్యం. 30 ఏళ్లు దాటినవారికి జాతీయ కార్యక్రమం కింద నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు ఉన్నాయి, ఊపిరితిత్తులకు లేవు. పొగతాగే అలవాటు అధికంగా ఉన్నవారికి తక్కువ మోతాదు సీటీ స్కాన్ చేస్తే మరణాలు 20 శాతం తగ్గినట్లు 2011లోనే అమెరికా అధ్యయనం చూపింది. క్షయ అధికంగా ఉన్న మన దేశంలో స్కాన్‌లో కనిపించే ప్రతి మచ్చా క్యాన్సర్ కాదు కనుక, ఆ పద్ధతిని యథాతథంగా అనుసరించడం కష్టమే.

అయినా క్షయ మందులకు తగ్గని దగ్గునూ, కఫంలో రక్తాన్నీ వెంటనే స్కాన్‌కు పంపే ఏర్పాటు కార్మిక ప్రాంతాల్లో అవసరం. కణితి 3 సెంటీమీటర్లు దాటకముందే దొరికితేనే ఈ చికిత్స వల్ల కార్మికుడికి మేలు కలుగుతుంది.