ఫోన్ చూసి గట్టు జరిపితే గుంటలకు గుంటలే గల్లంతు! శాటిలైట్ కొలతను ఎంతవరకు నమ్మొచ్చు?

వికారాబాద్: భూమి కొలతల్లో గొలుసు పోయి శాటిలైట్ వచ్చేసింది. 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చిన భూభారతి చట్టంలో రిజిస్ట్రేషన్ సమయంలో సర్వే మ్యాప్ జత చేయాలనే నిబంధన ఉంది. దీంతో కంది చేల గట్ల నుంచి తాండూరు నాపరాయి గనుల దాకా ఒకటే ప్రశ్న.. శాటిలైట్ చూపించిందే అసలు హద్దా?

ఫోన్ యాప్‌తో కొలిస్తే?

ఫోన్‌లోని జీపీఎస్ ఆరుబయట కూడా సుమారు 5 మీటర్ల తేడా చూపించొచ్చు. దారి వెతుక్కోవడానికి ఓకే, గట్టు వేయడానికి మాత్రం పనికిరాదు. 100 మీటర్ల గట్టు 3 మీటర్లు పక్కకు జరిగినా 300 చదరపు మీటర్లు, అంటే దాదాపు 3 గుంటలు పోయినట్టే.

తేడా ఎందుకొస్తుంది?

జీపీఎస్ శాటిలైట్లు 20 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. సిగ్నల్ ఎంతసేపట్లో వచ్చిందన్న దాన్నిబట్టే దూరం లెక్క. టైమ్‌లో సెకనులో వంద కోట్లో వంతు తప్పినా దూరం 30 సెంటీమీటర్లు మారిపోతుంది. శాటిలైట్ కక్ష్య లెక్క తప్పినా తేడా తప్పదు. అందుకే ప్రపంచవ్యాప్తంగా గ్రౌండ్ స్టేషన్లు వాటిని నిత్యం గమనిస్తుంటాయి. హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐలోని రిసీవర్ కూడా ఈ అంతర్జాతీయ నెట్‌వర్క్‌లో భాగమే. ఈ డేటాతో కక్ష్యను 2, 3 సెంటీమీటర్ల తేడాతో లెక్కగడుతున్నారు.

రోవర్ ఎలా పనిచేస్తుంది?

సర్వే ఆఫ్ ఇండియాకు దేశంలో వెయ్యికి పైగా 'కార్స్' స్టేషన్లున్నాయి. స్టేషన్ ఎక్కడుందో ముందే పక్కాగా తెలుసు కాబట్టి, శాటిలైట్ లెక్కలో తప్పెంతో ఇట్టే దొరుకుతుంది. ఆ సవరణ మొబైల్ డేటా ద్వారా సర్వేయర్ చేతిలోని రోవర్‌కు చేరుతుంది. అప్పుడు తేడా కొన్ని సెంటీమీటర్లకు దిగుతుంది. అయితే అనంతగిరి చెట్ల కింద, లోతైన గనుల గోడల పక్కన ఆకాశం పూర్తిగా కనిపించదు. స్క్రీన్‌పై 'ఫిక్స్‌డ్' అని రాకముందే పాయింట్ తీసుకుంటే ఆ సెంటీమీటర్ల గ్యారంటీ ఉండదు.

అసలు చిక్కు ఇక్కడే

రాయి ఎక్కడుందో రోవర్ చెబుతుంది. అది ఉండాల్సిన చోటే ఉందా అన్నది మాత్రం చెప్పదు. అది తేలాలంటే పాత టిప్పన్, నక్షా చూడాల్సిందే. ఎప్పుడో ఎవరో పక్కకు జరిపిన హద్దురాయినే కొలిస్తే? ఆ తప్పే సెంటీమీటర్‌తో సహా పక్కాగా రికార్డులోకి ఎక్కుతుంది. తర్వాత దాన్ని సరిచేయించుకోవడం ఇంకా కష్టం.

కాబట్టి సర్వే రోజున రైతులు మూడు విషయాలు చూసుకోవాలి. పక్క పొలం వాళ్లు అక్కడ ఉండాలి. టిప్పన్‌తో హద్దులు సరిపోల్చాలి. ప్రతి పాయింట్ దగ్గర స్క్రీన్‌పై 'ఫిక్స్‌డ్' వచ్చిందా లేదా అడగాలి. ఈ మూడూ అయ్యాకే సంతకం పెట్టడం మేలు.